డ్రాయింగ్ లోయర్

బేతంచెర్ల హైస్కూలు, తొమ్మిది బి.
శుక్రవారం ఆఖరి పీరియడు.
టేబులు మీద ఒక ఇటుక,
ఇటుక పక్కన సొట్టబోయిన చెంబు.
"గీయండి" అని
దస్తగిరి సారు కిటికీ కాడ నిలబడినాడు.

చెంబు నాకు తెలుసు.
రోజూ బూడిదేసి తోమేదే.
మూతి గుండ్రం కదా,
రూపాయి బిళ్ల పెట్టి చుట్టూ గీసేసినా.
సారు వంగి చూసినాడు.
"ఇది నీకు తెలిసిన చెంబు మేయ్,
కనపడే చెంబేదీ?"

ఒక కన్ను మూసినా. పెన్సిలు చాపి కొలిచినా.
గుండ్రం యాడికో పోయింది!
మొదటి బెంచీలో మద్దిలేటమ్మకు
మూతి పడుకున్న కోడిగుడ్డు,
నడిమి బెంచీలో నాకు వేపకాయ,
చివర కూచున్న ఉసేనికి
వట్టి గీత.
లెక్కల సారుకు ఎప్పుడూ ఒకటే జవాబు.
ఇక్కడ నలభైముగ్గురికి నలభైమూడు చెంబులు,
ఎవరిదీ తప్పు కాదంట.
ఆ మాటను ఇంటిదాకా మోసుకుపోయినా,
ఒలకకుండా.

నాయిన పాలిష్ ఫ్యాక్టరీలో నాపబండలు కోస్తాడు.
సాయంత్రానికి రెప్పల మీద కూడా రాతిపిండి.
నా పన్నెండు రంగుల డబ్బాలో ఆ రంగు లేదు.
నలుపూ తెలుపూ కలిపితే
చచ్చిన బూడిద వచ్చింది.
నీలంలో రవ్వంత ఇటుకరంగు కలిపితే
దగ్గరికొచ్చింది కానీ చిక్కలేదు.
"మొగం కడగొద్దు నాయినా, ఒక్క నిమిషం"
అని బతిమాలితే
"పొద్దున్నుంచి దీన్ని కడిగేదానికే కదమ్మా
కాచుకొని ఉండేది" అంటూ
తొట్టి కాడికి పోయినాడు.

తర్వాతి వారం డిజైను.
ఆరంగుళాల చదరంలో గీసిన బొమ్మ
నాలుగుసార్లు పక్కపక్కన పెడితే
ఒకటే బొమ్మయిపోవాల.
సారిచ్చిన నమూనాల్లో అన్నీ తామరపూలు.
మా పక్క తామరలు యాడుండాయి?
బుడ్డల చెట్టు ఆకు వేసినా.
కాడకు నాలుగు రెక్కలు, దేవుడే
చదరం కోసం చేసినట్టు.

నాయిన బువ్వ తిని, చెయ్యి తుడుచుకొని,
కాగితాన్ని తలకిందులుగా పట్టుకొని
చానాసేపు చూసినాడు.
"ఈ మూల కలవదు."
నాయినకు సంతకం రాదు.
నీకేం తెలుసు, అని నోటిదాకా వచ్చింది.
నోటిదాకా ఏంది, అనేసినా కూడా.

ఏం మాట్లాడల్యా.
పెరట్లోకి పోయి తునకలు నాలుగు తెచ్చినాడు,
పసుపువి రెండు, నల్లవి రెండు.
పసుపు వాటి మీద బొగ్గుతో,
నల్లవాటి మీద సుద్దతో
నా ఆకునే దించినాడు, నా తప్పుతో సహా.
నాలుగింటినీ నేల మీద దగ్గరికి జరిపితే
మూడు కాడలు కలిసినాయి.
నాలుగోది గోరంత ఎడంగా నిలబడింది,
అలిగిన పిల్ల మాదిరి.
"నడుమ ఎట్లుండాదో కొనేటోడు చూడడు,
మూలే చూస్తాడు" అని
తునకల్ని అట్నే వదిలేసి పడుకున్నాడు.
నేను రాత్రి పన్నెండుదాకా రబ్బరుతో రుద్దినా,
కాగితం పలచబడి అవతలి వెలుగు కనపడేదాకా.

పరీక్ష కర్నూల్లో.
మొదటి బస్సుకు పోయినాం,
వొళ్లో అట్ట, అట్టకు నాలుగు క్లిప్పులు.
జ్ఞాపకచిత్రానికి
కుళాయి కాడ ఆడోళ్లను గీయమని అడిగినారు.
బిందెల మూతులన్నీ వేపకాయలు చేసినా.
డిజైనులో బుడ్డాకు. నాలుగు మూలలూ
ఊపిరి బిగపట్టి కలిపినా.
గంట కొట్టంగానే ఇన్విజిలేటరు
తడి ఆరకముందే లాక్కున్నాడు.

మళ్లా ఎండాకాలం పోయినాక
సర్టిఫికెట్టు వచ్చింది.
"మూల కలిసిందా?" అన్నాడు నాయిన.
కలిసింది.
"యాడ, చూపీ."
గీసిన కాగితాలు తిరిగి ఇయ్యరంట నాయినా.
బండ కోసి ఇచ్చినాక
అది ఎవరింట్లో పరుచుకుంటారో
తనకు తెలుసునా, దానికేం ఆశ్చర్యపడల్యా.
సర్టిఫికెట్టును దీపం కిందికి తెచ్చుకొని
తలకిందులుగానే పట్టుకొని
పేరు మీద కాదు, మార్కుల మీద కాదు,
అచ్చేసిన అంచు వెంబడి
బొటనవేలు నడిపించినాడు,
మూలదాకా పోయి ఆగినాడు.

"చూడు," అన్నాడు,
"వీళ్లది కూడా కలవల్యా."